సీరియల్‌లో ప్యారలల్ లీడ్ వచ్చింది, ఉద్యోగం మానేయొచ్చా? ఇంట్లో పెళ్లి సంబంధాలు కూడా చూస్తున్నారు

వెంకట్_కూకట్‌పల్లి
మా తమ్ముడికి ఒక డైలీ సీరియల్‌లో ప్యారలల్ లీడ్ (మెయిన్ జంట తర్వాతి జంటలో హీరో) ఓకే అయింది. లుక్ టెస్ట్ అయిపోయింది, ఛానల్ కూడా సరేనందట. వయసు 27. ఇప్పుడు మాదాపూర్‌లో ఉద్యోగం, చేతికి 48,000. వీళ్లు రోజుకు 7,000 అంటున్నారు. నెలకు 15 రోజులు పని ఉంటుందని మేనేజర్ నోటిమాట, డ్రాఫ్ట్ అగ్రిమెంట్‌లో మాత్రం "కథ అవసరాన్ని బట్టి" అని రాశారు. ఇంకోపక్క సంబంధాలు చూస్తున్నాం. అమ్మాయి తరఫువాళ్లు "సీరియల్ అయిపోయాక ఏం చేస్తాడు?" అని అడిగితే మా దగ్గర సమాధానం లేదు. ఫీల్డ్ తెలిసినవాళ్లు డబ్బు, టైమింగ్స్, పెళ్లి అన్నీ ఉన్నదున్నట్టు చెప్పండి.

కాల్‌షీట్_కామేశ్
రోజు రేటు చూసి మురిసిపోకండి, రోజులు చూడండి. టీవీ ఆర్టిస్ట్ బతుకంతా నెలకు ఎన్ని కాల్‌షీట్లు (ఒక షూటింగ్ రోజు పనికి ఒక కాల్‌షీట్) పడ్డాయన్న దానిమీదే నడుస్తుంది. 15 రోజులు పడితే 1,05,000. ఆ పాత్ర కథ (ట్రాక్) పక్కకి పోయి 8 రోజులే పడితే 56,000, అందులో టీడీఎస్ (ముందే కోసే పన్ను) 10 శాతం పోతే 50,400. బట్టలు, పెట్రోలు, అసిస్టెంట్ ఖర్చు తీసేస్తే ఇప్పుడొచ్చే జీతం కంటే తక్కువ.

ఇక డబ్బు ఎప్పుడొస్తుందన్నది. నెలాఖరుకి కాల్‌షీట్ల లెక్క తేల్చి బిల్లు పెడితే, అక్కణ్ణుంచి 60 రోజులు, కొన్ని చోట్ల 90 రోజులు. జనవరిలో చేసిన పనికి డబ్బు ఏప్రిల్‌లో చూస్తారన్నమాట. కనీసం ఆరు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో లేకుండా ఉద్యోగం వదలకూడదు.

"కథ అవసరాన్ని బట్టి" అన్న మాట తీయించి "నెలకు కనీసం ఇన్ని రోజులు, పిలవకపోయినా ఆ మేరకు చెల్లింపు" అని రాయించండి. 15 ఒప్పుకోరు. 10కి ఒప్పుకున్నా మేలే.

బోరబండ_శీను
కామేశన్నా, మొదటి నాలుగైదు నెలలు 15 కాదు, 20 రోజులు కూడా పడ్తయి. లాంచింగ్ టైంల ప్రోమో షూట్లు, ఇంట్రడక్షన్ ఎపిసోడ్లు, పండగ ఈవెంట్లు అన్నీ ఉంటయి. మరీ భయపెట్టకు.

కాల్‌షీట్_కామేశ్
శీనూ, ఆ మొదటి నెలలే కదా మోసం చేసేది. ఆ లెక్కన కారు ఈఎంఐ పెట్టుకుంటారు, ఏడో నెలలో రోజులు సగానికి పడతాయి. ఇంకో సంగతి, పండగ ఈవెంట్లని ఛానల్ ప్రమోషన్ కింద రాసి కాల్‌షీట్‌గా లెక్కపెట్టని అగ్రిమెంట్లు ఉన్నాయి. ఈవెంట్ రోజు కూడా కాల్‌షీటేనా కాదా అన్నది ఇప్పుడే తేల్చుకోవాలి.

పద్మజ_యెల్లారెడ్డిగూడ
రోజు ఎలా గడుస్తుందో చెప్తాను. షిఫ్ట్ పొద్దున 9 నుంచి రాత్రి 9 అంటారు. మేకప్ 7:30కి మొదలవుతుంది, ఆడవాళ్లకి ఇంకా ముందే. సారథి స్టూడియోస్ అయితే అమీర్‌పేట మెట్రో దిగి పోవచ్చు. అన్నపూర్ణ అయినా ఊళ్లోనే. నానక్‌రామ్‌గూడ, మణికొండ, పుప్పాలగూడ వైపు అద్దెకిచ్చే ఇళ్లల్లో అయితే బండి ఉండాలి. రామోజీ ఫిల్మ్ సిటీ పడితే మెట్రో ఎల్బీనగర్ దగ్గరే ఆగిపోతుంది, అక్కణ్ణుంచి హయత్‌నగర్ దాటి పోవాలి. కారు పంపేది లీడ్స్‌కే, ప్యారలల్ లీడ్‌కి పంపుతారో లేదో అడగండి.

అరగంట స్లాట్‌లో యాడ్స్ పోను 20 నిమిషాల పైచిలుకు ఎపిసోడ్ ఉండాలి. అది రోజులో తీసేయాలి. కాబట్టి రిహార్సల్ అనేది ఉండదు. సీన్ పేపర్ చేతికొచ్చేసరికి లైటింగ్ అవుతుంటుంది. మాస్టర్ (అందరూ కనపడే షాట్) ఒకటి, ఇద్దరి సజెషన్లు (ఒకరి భుజం మీదుగా ఇంకొకర్ని చూపేవి), క్లోజులు, చివర్లో అందరి రియాక్షన్లు. కొత్తవాళ్లు తడబడేది ఈ రియాక్షన్ల దగ్గరే. ఎదుటి ఆర్టిస్ట్ అప్పటికే వెళ్లిపోయి ఉంటారు, అసిస్టెంట్ డైరెక్టర్ పిడికిలి ఎత్తి "ఇదే మీ అత్తయ్య" అంటాడు. ఆ పిడికిలిని చూస్తూ కోపం, ఆశ్చర్యం, బాధ వరసగా ఇవ్వాలి. ఇంట్లో ఇది సాధన చేయమనండి.

ప్రాంప్టింగ్ గురించి కూడా. కెమెరా వెనకనుంచి ఒకరు డైలాగ్ అందిస్తుంటే విని చెప్పడం ఇక్కడ మామూలు. అలవాటైతే బుర్ర పనిచేయడం మానేస్తుంది, ప్రతి మాటకి ముందు కళ్లు అరక్షణం ఆగుతాయి, క్లోజప్‌లో అది దొరికిపోతుంది. తెలుగు వచ్చినవాడు పేపర్ రెండుసార్లు చదివి ప్రాంప్టర్ లేకుండా చెప్పగలిగితే రీటేకులు తగ్గుతాయి, డైరెక్టర్ టైం మిగులుతుంది. టైం మిగిల్చే ఆర్టిస్ట్‌కి రోజులు తగ్గవు.

వెంకట్_కూకట్‌పల్లి
పద్మజ గారూ, చాలా ఉపయోగపడింది. కామేశ్ గారు బట్టల ఖర్చు అన్నారు. కాస్ట్యూమ్స్ వాళ్లే ఇవ్వరా?

మేకప్_రూమ్_లత
పోలీస్ యూనిఫాం, పెళ్లి సీను షేర్వాణీ లాంటివి ప్రొడక్షన్ ఇస్తుంది. రోజువారీ బట్టలు చాలా చోట్ల ఆర్టిస్ట్‌వే. మగవాళ్లకి పదిహేను చొక్కాలు, ఆరేడు ప్యాంట్లు, రెండు జతల బూట్లు, ఇంట్లో సీన్లకి చెప్పులతో మొదలుపెట్టొచ్చు. సన్నటి గళ్లు, సన్నటి గీతలు కొనొద్దు, కెమెరాలో అల్లల్లాడతాయి. తెల్లటి తెలుపు కూడా వద్దు. ఆడవాళ్ల బాధ వేరే. చీరలు, బ్లౌజులు, నగలు, సవరం అన్నీ సొంతమే. బొటిక్‌ల దగ్గర అద్దెకి తెచ్చుకున్నా నెలకు రెండు మూడు రోజుల సంపాదన దానికే పోతుంది.

కంటిన్యూటీ జాగ్రత్త. గుమ్మం బయట సీను ఈవాళ తీసి, గుమ్మం లోపల సీను పన్నెండు రోజుల తర్వాత తీస్తారు. ఈలోగా చొక్కా ఇస్త్రీకిచ్చి పోగొడితే యూనిట్ ఆగిపోతుంది. సీన్ అవగానే ముందు, వెనక, చేతి గడియారం, బొట్టు, మడిచిన చేతుల పొడవు కనపడేలా నాలుగు ఫోటోలు. బట్టలు కవర్లో పెట్టి సీన్ నంబర్ చీటీ అంటించాలి. టెలికాస్ట్ అయ్యేదాకా ఉతికించినా పారేయకూడదు.

చర్మం సంగతి ఆషామాషీగా తీసుకోవద్దు. పన్నెండు గంటలు ఫౌండేషన్, మీద లైట్ల వేడి. స్పాంజి, పఫ్, బ్రష్‌లు సొంతవి తీసుకెళ్లాలి, సెట్లో ఒకే స్పాంజి నలుగురికి వాడితే మొటిమలు అక్కణ్ణుంచే వస్తాయి. ఇంటికొచ్చాక ముందు కొబ్బరినూనెతోనో క్లెన్సింగ్ బామ్‌తోనో మేకప్ కరిగించి, తర్వాత ఫేస్‌వాష్. నూనె పడక మొటిమలొచ్చేవాళ్లకి మైసెల్లర్ వాటర్ మేలు. ఏడుపు సీన్లకి గ్లిజరిన్ రాసేముందు కాంటాక్ట్ లెన్స్ తీసేయాలి. కంటి కింద రాస్తే చాలు, లోపలికి పోనివ్వకూడదు.

గురువారం_రేటింగ్
రోజులు ఎందుకు తగ్గుతాయో ఎవరూ చెప్పలేదు. బార్క్ (టీవీని ఎంతమంది చూశారో కొలిచే సంస్థ) రేటింగులు గురువారం వస్తాయి. లెక్కపెట్టే వారం శనివారం నుంచి శుక్రవారం దాకా. గురువారం మధ్యాహ్నం నంబర్ చూసి ఛానల్ వాళ్లూ, రైటర్లూ కూర్చుంటారు. ఏ సీన్ల దగ్గర జనం ఛానల్ మార్చారో చూస్తారు. ప్యారలల్ లీడ్ ట్రాక్ దగ్గర రేటింగ్ పడిపోతే ఆ జంటను పది ఎపిసోడ్లు పక్కన పెడతారు. ముందే తీసి పెట్టుకున్న ఎపిసోడ్లు ఎక్కువ ఉండవు కాబట్టి మార్పు వెంటనే షూటింగ్‌లో కనపడుతుంది. శుక్రవారం ఫోన్ రాకపోతే అర్థం అదే.

రెండోది స్లాట్. రాత్రి 7 నుంచి 9:30 మధ్య సీరియల్‌ని మధ్యాహ్నానికి మార్చారంటే ఎపిసోడ్ బడ్జెట్ తగ్గుతుంది, పెద్ద కాంబినేషన్ సీన్లు (చాలామంది ఆర్టిస్టులు కలిసి ఉండేవి) తగ్గుతాయి. ముందు కోత పడేది సెకండ్ లైన్ పాత్రలకే. కార్తీకదీపం 2017 నుంచి 2023 దాకా నడిచింది, ఈటీవీలో అభిషేకం 2008లో మొదలై 2022 దాకా నడిచింది. అవి చూసి లెక్కలేసుకోవద్దు, ఏడాది తిరక్కుండానే శుభం కార్డు పడేవి చాలా ఉన్నాయి.

బోరబండ_శీను
పాత్ర ఢిల్లీకి పోయిండంటే మళ్లొస్తడు. కోమాల ఉంటే కూడ ఆశ ఉంటది. ఫోటోకి దండ పడిందంటే కొత్త ఆడిషన్ చూస్కోవాలె.

లెక్కల_మాస్టారు
టీడీఎస్ పోయిన డబ్బు అనుకుంటున్నారు, అది పోదు. 2025-26 ఆర్థిక సంవత్సరం లెక్కన చెప్తా.

సగటున నెలకు 10 రోజులు అనుకుందాం. ఏడాదికి 8,40,000. సెక్షన్ 194జే కింద 10 శాతం, అంటే 84,000 కోస్తారు. ప్రొఫెషనల్స్‌కి 44ఏడీఏ కింద వచ్చినదాంట్లో 50 శాతమే ఆదాయంగా చూపొచ్చు, ఖర్చుల బిల్లులు అక్కర్లేదు. అంటే 4,20,000. కొత్త పన్ను విధానంలో 12 లక్షల ఆదాయం దాకా రిబేటుంది, కాబట్టి పన్ను సున్నా. గడువులోపు ఐటీఆర్-4 (పన్ను రిటర్ను) వేస్తే 84,000 వెనక్కొస్తాయి.

ప్రతి మూడు నెలలకోసారి ఇన్‌కమ్ ట్యాక్స్ సైట్‌లో మీ పాన్ మీద జమైన పన్ను లెక్క (26ఏఎస్) తెరిచి చూడాలి. కోసిన టీడీఎస్ మీ పాన్ మీద జమచేయకపోతే అందులో కనపడదు, రిఫండ్ ఆగుతుంది. సీరియల్ అయిపోయి ఆఫీసు ఎత్తేశాక వెంటపడితే దొరకరు, నడుస్తున్నప్పుడే అడగాలి.

వెంకట్_కూకట్‌పల్లి
మాస్టారూ, బాగుంది. మరి ఇంటి లోనుకు ఇబ్బంది ఉండదా? పెళ్లయ్యాక ఫ్లాట్ తీసుకోవాలని ఇంట్లో ఆలోచన.

లెక్కల_మాస్టారు
ఉంటుంది, అసలు మెలిక అక్కడే. బ్యాంకు చూసేది ఐటీఆర్‌లో రాసిన ఆదాయాన్ని. 8.4 లక్షలు వచ్చినా 4.2 అని రాస్తే నెలకు 35,000 సంపాదించేవాడి కిందే లెక్క, దానికి తగ్గ లోనే ఇస్తారు. రెండు మూడేళ్ల ఐటీఆర్‌లు కూడా అడుగుతారు. లోను ఆలోచన ఉంటే 50 శాతానికి బదులు 75 శాతం చూపించుకోవచ్చు, చట్టం "కనీసం 50" అంటుందే గానీ ఎక్కువ చూపొద్దనదు. 75 శాతమంటే 6.3 లక్షలు, రిబేటు ఉంది కాబట్టి పన్ను ఇంకా సున్నానే. పైసా ఖర్చు లేకుండా లోను అర్హత పెరుగుతుంది. ఇంకో దారి, ఉద్యోగంలో ఉండగానే, పే స్లిప్పులు చేతిలో ఉండగానే లోను తీసుకోవడం. కానీ రోజులు తగ్గితే ఈఎంఐ ఎవరు కడతారన్నది ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవాలి.

అల్వాల్_ఆడిటర్
మాస్టారితో ఒక్కచోట విభేదిస్తున్నా. 44ఏడీఏ వర్తించేలా నోటిఫై చేసిన వృత్తుల్లో "ఫిల్మ్ ఆర్టిస్ట్" ఉంది, ఆ నిర్వచనం సినిమా నిర్మాణం గురించి మాట్లాడుతుంది. సీరియల్ నటుడు అందులోకి వస్తాడా రాడా అన్నదానిమీద ఆడిటర్లలో రెండు అభిప్రాయాలున్నాయి. 44ఏడీఏ వాడినా సరే, కాస్ట్యూమ్ బిల్లులు, ప్రయాణం, కోఆర్డినేటర్ కమిషన్, మేకప్ అసిస్టెంట్‌కి ఇచ్చింది ఒక పుస్తకంలో రాసిపెట్టుకోవాలి. రేపు నోటీసొస్తే అవే కాపాడతాయి. ఇన్‌స్టాగ్రామ్ ప్రమోషన్లు, షాపు ఓపెనింగులు కూడా కలిపి ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పదు.

లెక్కల_మాస్టారు
బిల్లులు దాచుకోవడం మంచిదే, ఒప్పుకుంటా. కానీ టీవీ ఆర్టిస్టులకి 44ఏడీఏ వర్తిస్తుందనే నా మాట, చాలామంది అలాగే వేస్తున్నారు.

నల్లకుంట_నరేష్
ఇవన్నీ సరే, అసలు తెలుగు కుర్రాడికి ప్యారలల్ లీడ్ రావడమే గొప్ప. లీడ్స్ చాలామంది బెంగళూరు నుంచే దిగుతున్నారు. తక్కువకి చేస్తారని తెచ్చుకుంటున్నారు.

కాల్‌షీట్_కామేశ్
నరేష్, తక్కువకని కాదు. విమానం, హోటల్, ఇక్కడి కారు కలిపితే వాళ్లకే ఎక్కువవుతుంది. వాళ్లు నెలకు 12, 15 రోజులు ఒకే బ్లాక్‌గా ఇస్తారు. ఆ రోజుల్లో హోటల్ నుంచి సెట్‌కి, సెట్ నుంచి హోటల్‌కి అంతే. బావమరిది గృహప్రవేశం, అమ్మ చెకప్ ఉండవు. షెడ్యూల్ వేసే మేనేజర్‌కి అది ప్రాణం. లోకల్ ఆర్టిస్ట్ రెండు మూడు సీరియళ్లు పెట్టుకుని "మధ్యాహ్నం రెండింటికి వదిలేయండి" అంటే కాంబినేషన్ సీన్లు కుదరవు.

నల్లకుంట_నరేష్
రెండు మూడు పెట్టుకునేది రోజులు గ్యారంటీ ఇవ్వరు కాబట్టే కదా. బయటివాళ్లకి బ్లాక్ ఇచ్చి, లోకల్ వాళ్లని "రేపు రండి" అని రాత్రి పదకొండుకి ఫోన్ చేస్తే ఎవరు నిలబడతారు? గ్యారంటీ ఇస్తే మనవాళ్లూ బ్లాక్ ఇస్తారు.

పద్మజ_యెల్లారెడ్డిగూడ
నరేష్ గారి మాటలో న్యాయం ఉంది. అయితే బయటినుంచి వచ్చి నిలబడ్డవాళ్ల కష్టాన్ని తక్కువ చేయొద్దు. ప్రేమి విశ్వనాథ్ మలయాళంలో మాతృక సీరియల్‌లో చేసిన పాత్రనే తెలుగు కార్తీకదీపంలోనూ చేశారు, భాష రాకుండా ఆ ఎమోషన్ పట్టుకోవడం చిన్న సంగతి కాదు. తెలుగువాళ్లకి ఉన్న బలం గొంతు. మీ తమ్ముడి సొంత గొంతే ఉంచుతారా, డబ్బింగ్ ఆర్టిస్ట్‌తో చెప్పిస్తారా కనుక్కోండి. సొంత గొంతైతే డబ్బింగ్‌కి వేరే డబ్బు అడగాలి, ఆ గంటలు కాల్‌షీట్‌లోకి రావు. డబ్బు ఇవ్వకపోయినా గొంతు వదులుకోవద్దు. సీరియల్ ఆగిపోయాక డబ్బింగ్, యాంకరింగ్, ఆడియో కథలు, ఈవెంట్లు అన్నీ గొంతుమీదే వస్తాయి. సుమ గారు కూడా సీరియళ్లలో నటించాకే యాంకర్‌గా స్థిరపడ్డారు. అమ్మాయి వాళ్లు అడిగినదానికి ఇది సగం సమాధానం.

సుజాత_వనస్థలిపురం
మిగతా సగం నేను చెప్తా. సంబంధం మాట్లాడేటప్పుడు రోజు రేటు చెప్పకండి. 7,000 అనగానే ముప్పై రోజులతో గుణించుకుని రెండు లక్షలనుకుంటారు, పెళ్లయ్యాక గొడవ అక్కడ మొదలవుతుంది. ఏడాది ఆదాయం, చేతిలో ఉన్న పొదుపు, ఉద్యోగానుభవం ఎన్నేళ్లు, తిరిగి వెళ్లాలంటే వెళ్లగలడా, ఈ నాలుగూ చెప్పండి.

అమ్మాయికి పెళ్లికి ముందే తెలియాల్సినవి: ఆదివారం సెలవని గ్యారంటీ లేదు. రాత్రి 9కి ప్యాకప్ అంటే ఇంటికి పదిన్నర. షెడ్యూల్ ముందురోజు రాత్రి వస్తుంది, సినిమా టికెట్లు బుక్ చేసుకుంటే వృథా అవుతాయి. తెరమీద ఇంకో అమ్మాయితో తాళి, తలంబ్రాలు, శోభనం సీన్లు అన్నీ ఉంటాయి. ఒక్కసారి సెట్‌కి తీసుకెళ్లి చూపిస్తే చాలు. నలభైమంది మధ్య, లైట్‌మెన్ అరుపుల మధ్య తీసే సీను అని కళ్లారా చూస్తే సగం అనుమానాలు అక్కడే పోతాయి. అత్తమామల్ని కూడా తీసుకెళ్లండి.

పెళ్లి తేదీ అనుకోగానే కనీసం 45 రోజుల ముందు మేనేజర్‌కీ, డైరెక్టర్‌కీ రాతపూర్వకంగా చెప్పాలి. అప్పుడు పాత్రని ఊరికి పంపేలా రైటర్ కథ సర్దుకుంటారు. వారం ముందు చెబితే పెళ్లి మర్నాడే సెట్‌కి రమ్మంటారు. సంక్రాంతి, ఉగాది, దసరా ఎపిసోడ్లు పండక్కి రెండు మూడు వారాల ముందే తీస్తారు, ఆ వారాల్లో ముహూర్తం పెట్టుకోవద్దు.

ఇల్లు అద్దెకి కూడా ఇబ్బందే. సీరియల్ ఆర్టిస్ట్ అంటే శ్రీనగర్ కాలనీలోనే కొందరు ఓనర్లు వెనకాడతారు. కృష్ణానగర్, యూసఫ్‌గూడలో అలవాటు కాబట్టి అడగరు గానీ పార్కింగ్ ఉండదు. అగ్రిమెంట్ భార్య పేరున, ఆమెకి ఉద్యోగం ఉంటే, రాయించుకోవడం తేలిక.

చింతల్_చైతన్య
టీవీవాళ్లు టీవీవాళ్లనే చేసుకుంటే ఇవేవీ ఉండవుగా. కార్తీకదీపం హీరో నిరుపమ్, ఆయన భార్య నటి మంజుల గార్లు ఉన్నారు కదా.

సుజాత_వనస్థలిపురం
అర్థం చేసుకోవడం తేలిక, నిజమే. ఇద్దరికీ ఒకేసారి రోజులు తగ్గితే ఇల్లు గడవడం కష్టం, అదీ నిజమే. నిరుపమ్ గారి నాన్న ఓంకార్ గారు కూడా నటుడు, రచయిత. చిన్నప్పటినుంచి ఆ వాతావరణం చూసినవాళ్లతో పోల్చి నిర్ణయం తీసుకోకూడదు. ఇంట్లో ఒక్క నెలజీతం స్థిరంగా ఉంటే రెండో మనిషి చెత్త పాత్రని కాదనగలడు.

హిమజ_మణికొండ
ఆడపిల్లల విషయంలో ఒకటి కలుపుతున్నా. గర్భం వస్తే పాత్రనుంచి తప్పించి "ఇకపై ఈ పాత్రలో ఫలానా" అని వేసేస్తారు. రోజు లెక్కన పనిచేసేవాళ్లకి మామూలుగా ప్రసూతి సెలవు జీతం చేతికి రాదు, పీఎఫ్, ఈఎస్‌ఐ ఉండవు. పెళ్లికి ముందే సొంత హెల్త్ పాలసీ తీసుకోవాలి, ప్రసూతి కవర్‌కి చాలా పాలసీల్లో రెండేళ్లు, అంతకు పైనే వెయిటింగ్ ఉంటుంది. సెట్‌లో వేధింపులుంటే పదిమంది, అంతకంటే ఎక్కువమంది పనిచేసే ప్రతి సంస్థలో అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం. మూడు నెలల్లోపు రాతపూర్వక ఫిర్యాదు. కమిటీ లేకపోతే జిల్లా స్థాయి లోకల్ కమిటీకి. ఆడిషన్‌కి డబ్బు అడిగినా, ఫ్లాట్‌కి ఒంటరిగా రమ్మన్నా అది ఆడిషన్ కాదు.

గురువారం_రేటింగ్
యూట్యూబ్ థంబ్‌నెయిల్స్ సంగతి కూడా ఇంట్లో చెప్పి ఉంచండి. "రహస్య పెళ్లి", "విడాకులు" అని పెళ్లికూతురి ఫోటో పెట్టేస్తారు. లింకు బంధువుల గ్రూపులో పంపితే వాళ్లందరూ చూసి ఆ వీడియోకి వ్యూస్ పెంచుతారు. పంపొద్దు. వీడియో చిరునామా, ఛానల్ పేరు, తేదీ కనపడేలా స్క్రీన్‌షాట్ తీసుకుని, ఫోటోలో ఉన్న మనిషే యూట్యూబ్‌లో ప్రైవసీ ఫిర్యాదు పెట్టాలి. అప్‌లోడ్ చేసినవాడికి తీసేయడానికి 48 గంటలిస్తారు. మార్ఫింగ్ అయితే జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు. కామెంట్లకి జవాబు మాత్రం ఇవ్వొద్దు.

బోరబండ_శీను
ప్రమోషన్ల మీద ఒక్క మాట. ముఖం కనపడ్డ నెలకే ఇన్‌స్టాల బెట్టింగ్ యాప్ వాళ్లు మెసేజ్ పెడ్తరు, నెల సంపాదన ఒక్క రీల్‌కి ఇస్తమంటరు. ముట్టొద్దు. తెలంగాణల 2017 నుంచే ఆన్‌లైన్ బెట్టింగ్ నిషేధం, 2025 మార్చిల ఇక్కడ నటుల మీద, యాంకర్ల మీద కేసులు పెట్టిన్రు. బట్టల షాపు, స్వీటు షాపు ఓపెనింగ్ చేసుకో, సగం అడ్వాన్స్ ముందు తీస్కో.

అల్వాల్_ఆడిటర్
ఉచితంగా ఇచ్చిన ఫోను ఉంచుకుంటే అదీ ఆదాయమే. ఏడాదికి 20,000 దాటితే 10 శాతం టీడీఎస్. రివ్యూ చేసి తిరిగిచ్చేస్తే పడదు.

రమ్య_ఈసీఐఎల్
మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా అక్క కూతురికి ఎనిమిదేళ్లు, పాప పాత్రకి అడుగుతున్నారు. పిల్లలకి వేరే రూల్స్ ఉన్నాయా?

హిమజ_మణికొండ
ఉన్నాయి, గట్టిగానే ఉన్నాయి. నిర్మాత జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి తీసుకోవాలి. రోజుకు ఐదు గంటలకు మించకూడదు, విశ్రాంతి లేకుండా మూడు గంటలకు మించకూడదు. వరసగా 27 రోజులకు మించి పని చేయించకూడదు. పాప సంపాదనలో కనీసం 20 శాతం ఆమె పేరున జాతీయ బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. చదువు ఆగకుండా చూసే బాధ్యత కూడా నిర్మాతదే. అనుమతి కాపీ చూపించమని అడగండి. "అదంతా మేం చూసుకుంటాం" అంటే పంపకండి.

కోర్టురోడ్డు_కిరణ్
వెంకట్ గారూ, ఎక్స్‌క్లూజివ్ క్లాజు ఉందా? సీరియల్ నడుస్తున్నంత కాలం వేరే ఛానల్‌లో చేయకూడదంటే అది చెల్లుతుంది. "అయిపోయాక ఏడాదిపాటు ఎక్కడా చేయకూడదు" అని రాస్తే కాంట్రాక్ట్ చట్టం 27వ సెక్షన్ ప్రకారం సాధారణంగా నిలబడదు. అయినా సంతకానికి ముందే కొట్టేయించండి, కోర్టుకెళ్లి గెలిచేసరికి ముఖం జనం మర్చిపోతారు. ఎక్స్‌క్లూజివ్ అడిగితే దానికి బదులు కనీస రోజులు అడగడం న్యాయం. అలాగే మధ్యలో మానేస్తే రీషూట్ ఖర్చంతా ఆర్టిస్ట్ కట్టాలనే వాక్యం ఉందేమో చూడండి. దానికి పైపరిమితి అంకె రాయించాలి.

వెంకట్_కూకట్‌పల్లి
నిన్న తమ్ముడు మేనేజర్‌తో కూర్చున్నాడు. నెలకు 10 రోజులు గ్యారంటీకి ఒప్పుకున్నారు, పేమెంట్ బిల్లు పెట్టిన 60 రోజులకి. సీరియల్ అయ్యాక ఏడాది అన్న లైను తీసేశారు. నడుస్తున్నంత కాలం ఎక్స్‌క్లూజివ్ ఉంచారు. రీషూట్ ఖర్చుకి ఒక నెల పారితోషికమే పరిమితి అని రాశారు. రాత్రి 9 దాటితే ఏమిటన్నది మాత్రం తేలలేదు. ఆఫీసులో ఆరు నెలలు జీతం లేని సెలవు అడిగితే మూడు నెలలకి సరేనన్నారు.

కాల్‌షీట్_కామేశ్
మూడు నెలల సెలవు తీసుకోమనండి, రాజీనామా ఇప్పుడే వద్దు. మొదటి చెక్కు చేతికొచ్చేసరికి ఆ మూడు నెలలూ అయిపోతాయి, అప్పటికి రేటింగ్ కూడా తెలుస్తుంది. 9 దాటితే ఒకటిన్నర కాల్‌షీట్ అడగాలి. ఒప్పుకోకపోతే "11 దాటితే ఇంటికి బండి, మర్నాడు మేకప్ 10 తర్వాతే" అన్నది రాయించండి, అది చాలామంది ఇస్తారు. నోటీసు పీరియడ్ రెండువైపులా 30 రోజులు ఉందో లేదో చూడండి.

వెంకట్_కూకట్‌పల్లి
నోటీసు వాళ్లకి 7 రోజులు, మాకు 60 రోజులు అని ఉంది.

కోర్టురోడ్డు_కిరణ్
అది మార్చకుండా సంతకం వద్దు. వాళ్లు ఏడు రోజుల్లో తీసేయగలిగితే 10 రోజుల గ్యారంటీకి అర్థమే లేదు. ఇద్దరికీ 30 అని రాసి, తీసేసిన నెలకి కూడా కనీస రోజుల డబ్బు చెల్లించాలన్న వాక్యం దాని కిందే పెట్టించండి. మాట్లాడుకున్నవన్నీ ఈరోజే మెయిల్ చేసి "మీరు ఒప్పుకున్న మార్పులు ఇవి" అని పంపమనండి.

మేకప్_రూమ్_లత
సంతకం అయ్యాక చొక్కాలు ఒక్కడే వెళ్లి కొనొద్దని చెప్పండి. కాస్ట్యూమర్‌కి ముందు ఫోన్ చేసి లీడ్ హీరో ఏ రంగులు వేస్తున్నాడో కనుక్కోవాలి. అదే రంగు తీసుకుంటే కాంబినేషన్ సీన్లకి పనికిరావు, సగం డబ్బు బీరువాలో ఉండిపోతుంది.